గొర్రెల మంద, బంచరాయి, చెరువు

‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడనే ఉన్నది’ అని మనకొక సామెత. పని ముందుకు సాగనప్పుడు ఈ మాట వాడుతాము. కాని కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతాలలో గొంగడి ఏనాడూ వేసినచోటనే ఉండిన వస్తువు కాదు. కాపరి భుజమెక్కి అది మందతోపాటు ఊరూరు తిరిగినది. వాన వచ్చినప్పుడు తలమీదుగా కప్పుకొంటే గొడుగు, చలిలో దుప్పటి, రాత్రికి పక్క, నలుగురు కూడినచోట తివాచీ. మానేటి ఒడ్డున కత్తిరించిన ఉన్ని, గోదావరి దాటి ఆదిలాబాదు అడవుల చలికి అడ్డు నిలిచినది. ఈనాడు అదే గొంగడి చాల ఇండ్లలో దండెం దిగి పెట్టె అడుగుకు చేరినది. ఎందుకిట్లా జరిగినదని విచారిస్తే సమాధానం బట్టల అంగడిలో దొరకదు. ఊరి బంచరాయిలోను, చెరువు శిఖంలోను దొరుకుతుంది. ఉన్ని, నేల, నీరు – ఈ మూడింటికీ గల సంబంధాన్ని గురించి ఈ ప్రసంగంలో నాలుగు మాటలు చెప్పదలచినాను.

కరీంనగరు, ఆదిలాబాదు అని నేననేది పాత జిల్లాలను ఉద్దేశించి. 2016 అక్టోబరు 11న ఇవి విడిపోయి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురంభీం ఆసిఫాబాదు మొదలైన కొత్త జిల్లాలు ఏర్పడినవి. జిల్లాల పేర్లు మారినా నేల మారలేదు. గోదావరికి దక్షిణాన ఎర్రచెలకలు, రాతిగుట్టలు, గుట్టల నడుమ పెద్దలు కట్టించిన చెరువులు. ఉత్తరాన నల్లరేగడి చేలు, నిర్మల్ గుట్టలు, టేకు అడవులు. వర్షం తక్కువ అనడానికి వీలులేదు. ఆదిలాబాదులో ఏటా వేయి మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. కరీంనగరులో అంతకు కొంత తక్కువ. అయితే అయిదింట నాలుగు వంతుల వాన జూను నుండి సెప్టెంబరు లోపలనే పడిపోతుంది. కనుక నాలుగు నెలలలో మొలచిన గడ్డిని పన్నెండు నెలలకు సర్దుకొనడమే ఇక్కడి గొర్రెల పెంపకంలోని అసలు విద్య.

ఆ విద్యకు తగిన జీవం దక్కనీ జాతి నల్లగొర్రె. చిన్న శరీరం, గట్టి కాళ్లు, మోటు ఉన్ని. ఎండలో మైళ్ల దూరం నడుస్తుంది. ముళ్లకంపల నడుమ కూడ మేత వెదుకుకొంటుంది. ఏటా రెండుసార్లు దీని బొచ్చు కత్తిరిస్తారు. రెండుమార్లు కలిపినా ఒక్కొక్క గొర్రెకు వచ్చేది కిలోకు లోపే. మెరినో గొర్రె ఉన్ని పోచ సుమారు ఇరువది మైక్రానుల మందం. మన నల్లగొర్రె పోచ దానికి రెండింతలకు పైగా లావు. ఒంటికి తగిలే అంగీలకు ఇది పనికిరాదు. కాని గొంగళ్లకు, కంబళ్లకు, తివాచీలకు ఈ మోటుదనమే గుణం. ఉన్ని తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను లోపలికి పీల్చుకొని కూడ తడిసినట్లు తోచనీయదు. కురుమ ఇండ్లలో ఆడవారు దీనిని చేత వడికేవారు. నూలుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద మగవారు నేసేవారు. కురుమలలో పెండ్లినాడు ఉన్ని కంకణం కట్టుకొనే శాఖ, పత్తి కంకణం కట్టుకొనే శాఖ అని రెండు ఉన్నవి. బీరప్ప కొలుపులోను, ఒగ్గుకథలోను గొర్రె ఒక పాత్ర. ఉన్ని వారికి సరకు మాత్రమే కాదు, కులం గుర్తు కూడ అయినది.

ఇప్పుడొక చిన్న లెక్క వేద్దాము. వంద గొర్రెల మంద ఉన్నదనుకొందాము. ఎండుగడ్డి లెక్కన ఒక్కొక్క గొర్రెకు దినానికి సుమారు కిలో మేత కావలెను. వందకు క్వింటాలు, ఏడాదికి 365 క్వింటాళ్లు. వట్టిపోయిన బంచరాయిలో ఎకరానికి నాలుగు క్వింటాళ్ల మేత మొలుస్తుందనుకొందాము. అందులో సగమైనా నేలమీద వదలకపోతే వేరు బలపడదు, విత్తనం రాలదు, మరుసటి ఏటికి గడ్డి ఉండదు. కనుక ఎకరానికి మందకు దక్కేది రెండే క్వింటాళ్లు. ఈ లెక్కన వంద గొర్రెలకు నూట ఎనభై ఎకరాలకు పైగా కావలెను. అంత భూమి గల కాపరి ఏ ఊరిలో ఉన్నాడు? ఏ మందా తన పట్టాభూమి మీద బ్రతకలేదు. అది ఊరందరి భూమిమీద, అందరి సమ్మతితో, వంతులవారీగా బ్రతికినది.

ఆ వంతులు ఇట్లా ఉండేవి. వానకాలంలో పైరు ఉన్నంతకాలం మంద గుట్టలమీద, బంచరాయిలో మేసేది. కోతలు కాగానే కొయ్యకాళ్ల మీదికి, పత్తి ఏరిన చేలలోనికి దిగేది. చెరువు నీరు వెనుకకు తగ్గేకొద్దీ శిఖంలో లేచిన పచ్చిక వేసవికి ఆధారం. అదీ చాలని ఏడు గోదావరి తీరానికి, దానిని దాటి ఆదిలాబాదు అడవులకు వలస. మేసినందుకు మంద ఊరికే పోయేది కాదు. రాత్రిళ్లు రైతు చేనులో మంద పెట్టేవారు. అందుకు రైతు ధాన్యమో రొక్కమో ఇచ్చేవాడు. ఇందులో ఎవరి దయా లేదు. మామూలు పశువుల ఎరువులో నత్రజని నూటికి అరవంతు, భాస్వరం అయిదవ వంతు, పొటాషు అరవంతు ఉంటే, గొర్రెల పెంటలో నత్రజని మూడు, భాస్వరం ఒకటి, పొటాషు రెండు వంతుల చొప్పున ఉంటాయి. పైగా మంద పెట్టిన చేనులో మూత్రం కూడ నేలలోనికే ఇంకుతుంది. మరునాడే పైపైన దున్ని మట్టితో కలపవలెను. లేనియెడల నత్రజని గాలి పాలవుతుంది. చెరువు పూడికమట్టి, గొర్రెల పెంట – ఈ రెండే తరతరాలుగా మన చెలకలకు బలమిచ్చినవి.

గొర్రె మేసిన నేల ఎట్లా ఉన్నదో దాని ఉన్ని చెబుతుంది. మేత కరువైన నెలలలో పెరిగిన భాగం దగ్గర పోచ సన్నబడుతుంది. వడికేటప్పుడు అక్కడనే తెగుతుంది. మంచి గడ్డి నశించి పల్లేరు, ఉత్తరేణి పెరిగిన బీడులో మేసిన మంద ఉన్నిలో ముళ్లు, గింజలు చిక్కుకొంటాయి. వాటిని ఏరడానికి పట్టే కాలం నేతకు పట్టే కాలాన్ని మించిపోతుంది. ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్లు’ అని మనవారన్నారు. నేడు వెంట్రుకలలోనుండి ముళ్లు ఏరవలసిన పని పడినది. బీడు బాగుపడనిదే ఉన్ని బాగుపడదు.

ఈ ఏర్పాటు ఎట్లా సడలినది? 1963 జూలై 26న పోచంపాడు వద్ద గోదావరిమీద నెహ్రూ శంకుస్థాపన చేసినారు. ఆ శ్రీరాంసాగరం నుండి కాకతీయ కాలువ కరీంనగరు నేలకు నీరు తెచ్చినది. నీరు వచ్చినందుకు విచారించేవాడెవడు? బీడు మాగాణి అయినది. ఒక పంట రెండు పంటలైనది. అయితే రెండు పంటల నడుమ మందకు దక్కే విరామం పోయినది. మరొకవైపు బంచరాయి కొంత పట్టాలకు, కొంత ఆక్రమణలకు పోయినది. కొన్ని గుట్టలు గ్రానైటు గనులైనవి. ఆదిలాబాదు వైపు 1965లో అభయారణ్యమైన కవ్వాల్, 2012లో పులుల రక్షితప్రాంతమైనది. పులికి అడవి కావలెను, కాదనలేము. కాని మంద నడచిన దారులు మూసుకొనిపోయినవి. చెరువు శిఖాలలోను సర్కారుతుమ్మ దట్టంగా అల్లుకొని గడ్డిని మింగినది.

ఇంతలో మిల్లుల చవక దుప్పట్లు, వానకు ప్లాస్టిక్ కప్పులు వచ్చినవి. ఉన్నికి వచ్చే ధర చాలచోట్ల కత్తిరింపు కూలికే చాలకుండా పోయినది. మాంసానికి గిరాకీ హెచ్చినది. కాపరి నల్లపొట్టేలును అమ్మి నెల్లూరు పొట్టేలును మందలో వదిలినాడు. నెల్లూరు గొర్రె ఎత్తరి, మాంసం బరువు ఎక్కువ. కాని దానికి ఉన్ని లేదు. రెండు మూడు తరాలు తిరిగేసరికి మందకు మంద ఉన్ని లేనిదైనది. పెద్ద శరీరానికి మేత, నీరు కూడ పెద్దవే కావలెను. వానకు, చలికి, దూరపు నడకకు నల్లగొర్రెకున్న ఓర్పు దీనికి లేదని పెంచినవారి అనుభవం. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొల్ల, కురుమ కుటుంబాలకు ఇరువది గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున నూటికి డెబ్బది అయిదు వంతుల సబ్సిడీతో పంచే పథకం ప్రారంభించినది. జీవాలను ఇతర రాష్ట్రాలనుండి కొని తెచ్చినారు. 2012 పశుగణనలో తెలంగాణ గొర్రెలు సుమారు కోటి ఇరువది ఎనిమిది లక్షలు. 2019లో కోటి తొంబది లక్షలు. దేశంలో ప్రథమస్థానం మనదే. సంతోషించవలసిన మాటే. కాని ఈ ఏడేండ్లలో బంచరాయి ఎంత పెరిగినదని ఎవరైనా అడిగితే మనకు జవాబు లేదు.

ఈ ప్రశ్న అడగని దేశం ఏమైనదో చరిత్రలో ఉన్నది. ఉన్నికి ప్రపంచ ప్రసిద్ధమైన ఆస్ట్రేలియాలో 1891 నాటికి పదికోట్లకు మించి గొర్రెలుండేవి. నేల మోయగలిగినదానికన్న మందలు పెరిగినవి. గడ్డి వేళ్లతో సహా పోయినది. తరువాత వరుస కరువులు వచ్చినవి. 1903 నాటికి ఆ గొర్రెలలో దాదాపు సగమే మిగిలినవి. న్యూసౌత్‌వేల్సు పశ్చిమభాగపు దుస్థితిని విచారించడానికి అక్కడ రాయల్ కమిషన్‌నే నియమించవలసివచ్చినది. కరువు తెచ్చిన నష్టంలో పెద్దపాలు కరువుకు ముందు నేలకు విశ్రాంతి ఇవ్వకపోవడం వల్లనే కలిగినది.

కావున మొదట నేలకు విశ్రాంతి. ఊరికి మిగిలిన బంచరాయి యాభై ఎకరాలే కావచ్చును. దానిని నాలుగు భాగాలు చేసి, మందను వంతులవారీగా తోలవలెను. తొలకరి పడిన తరువాత నాలుగైదు వారాలు గడ్డి వేరూనేదాక ఏ భాగమూ తొక్కనీయరాదు. ఏటా ఒక భాగాన్ని వానకాలమంతా వదలి, గింజ రాలిన తరువాతనే మేపవలెను. వాలుకు అడ్డంగా కందకాలు తీస్తే వాన గుట్టమీదనే ఇంకుతుంది. కొట్టుకొనివచ్చే మట్టి చెరువులో పూడదు. కందకాల గట్లమీద అంజన్ గడ్డి, స్టైలో చల్లవచ్చును. స్టైలో పప్పుజాతి మొక్క కనుక నేలకు నత్రజని కూడ ఇస్తుంది. దాని విత్తనం పెంకు గట్టిది. కొద్ది నిమిషాలు వేడినీటిలో ఉంచి తీసి చల్లితే త్వరగా మొలుస్తుంది. నల్లతుమ్మ, రేగు, జమ్మి చెట్లను మొదలంటా నరకక, కొమ్మలు మాత్రం కొట్టుకొనవలెను. వేసవిలో రాలే తుమ్మకాయలు గొర్రెకు మంచి బలం.

రెండవది నీరు. ఎండకాలంలో గొర్రె దినానికి నాలుగైదు లీటర్లు త్రాగుతుంది. వంద గొర్రెలకు నాలుగైదు వందల లీటర్లు. ఒక తొట్టి నిండితే చాలు. ఈ కొద్ది నీటికోసం మందను చెరువులోనికి దించితే నష్టం ఎక్కువ. గిట్టలు గట్టును చెరుపుతాయి. పెంట నీటిలో కలుస్తుంది. అంతకన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. చెరువు అంచుల తడిలో నత్తలుంటాయి. కార్జపు జలగ పిల్లదశలో ఆ నత్తలలో పెరిగి, ఒడ్డు గడ్డిపరకలకు అంటుకొని, గొర్రె కడుపులో చేరుతుంది. తడి ఒడ్డున మేసిన మంద క్రమంగా చిక్కిపోయి, దవడ క్రింద నీరుబ్బి చనిపోవడం చూచిన ఊళ్లు ఎన్నో ఉన్నవి. కనుక తొట్టిని గట్టుకు దూరంగా, గట్టినేలమీద కట్టవలెను. ఉపాధి హామీ పథకంలో పశువుల నీటితొట్లు కట్టుకొనే వీలున్నది. వానలకు ముందు, వానలు వెనుకబడిన తరువాత నట్టల నివారణ మందు త్రాగించవలెను. తొలకరి లేతగడ్డిని ఆత్రంగా మేసినప్పుడు వచ్చే చిటుకు రోగానికి ముందుగానే టీకా వేయించవలెను.

చెరువు విషయంలో మన కాలంలోనే ఒక మంచి పని జరిగినది. 2015 మార్చిలో ఆరంభమైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని చేలకు తరలించినారు. కాని పైన గుట్ట బోడిగా ఉన్నంతకాలం పూడిక మరల చేరుతూనే ఉంటుంది. బంచరాయిని కాపాడితే చెరువును కాపాడినట్లే. గొర్రెలు లేని ఇండ్లవారు కూడ ఈ మాట గమనించవలెను. ఈ ప్రసంగం వింటున్న మీలో గొర్రెలు లేనివారే ఎక్కువ కావచ్చును. అయినా చెరువు అందరిది. బావులలోని ఊట అందరిది.

మూడవది ఉన్ని. కత్తిరింపుకు ముందు మందను చెరువులో కడగడం వాడుక. ఉన్నిలో జిడ్డు, మట్టి, చెమట ఉప్పులు ఉంటాయి. అవన్నీ త్రాగునీటిలో కలుస్తాయి. తొట్టి దగ్గర కడిగి, ఆ నీటిని చెట్లకు మళ్లిస్తే చెమట ఉప్పులలోని పొటాషు చెట్లకు పనికివస్తుంది. అయితే పేలకు, గోమారులకు మందు పూసిన గొర్రెలను కడిగిన నీరు చెరువు దరికి గాని, మేత దరికి గాని పోరాదు. ఊడ్చిన గచ్చుమీదనో, పరచిన పట్టామీదనో కత్తిరించి, నల్లని పొడుగు పోచను వేరుగా, పొట్టిది, మురికిది వేరుగా కట్టవలెను. అన్నీ కలిపి గోనెకెత్తితే ధర గొర్రెతోకవలె బెత్తెడే ఉంటుంది. అమ్ముడుపోని చెత్త ఉన్నిని పారవేయరాదు. పోచలో నత్రజని, గంధకం ఉన్నవి. పండ్లమొక్కల పాదులలో పరచి పైన మట్టి కప్పితే తేమను నిలిపి, మెల్లగా చివికి ఎరువవుతుంది. యూరపు దేశాలలో ఇట్టి ఉన్నిని గుళికలుగా చేసి తోటలకు అమ్ముతున్నారు.

నాలుగవది పొట్టేలు. మంద రూపం మార్చేది అదే. ఊరికి నాలుగు మందలున్నచోట ఒకటైనా నల్ల మందగా నిలవవలెను. దానికి మేలైన దక్కనీ పొట్టేలును తెచ్చి, రెండేండ్లకొకసారి పొరుగూరి మందతో మార్చుకొనవలెను; రక్తసంబంధం దగ్గరపడితే పిల్లలు బలహీనమవుతాయి. ఎదిగిన పొట్టేలు పిల్లలను వేసవికి ముందే అమ్మివేస్తే, ఉన్న మేత తల్లులకు మిగులుతుంది. ఎండల్లో వంద గొర్రెలను ఎండబెట్టడం కంటె డెబ్బదింటిని నిండుగా మేపడం లాభం. 1962లో రాజస్థానంలోని అవికానగరులో స్థాపించిన కేంద్ర గొర్రెలు–ఉన్ని పరిశోధనాసంస్థ వంటివి జాతుల మేలు చూస్తున్నవి. కాని ఊరిలో ఏ పొట్టేలు నిలవవలెనో నిర్ణయించేది ఊరి పెంపకందారుల సహకార సంఘమే.

ఇవన్నీ జరగవలెనంటే ముందు బంచరాయి ఉండవలెను. పంజాబులో ఒక ఊరి చెరువు భూమిని కొందరు ఆక్రమించిన వివాదంలో, 2011 జనవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. గ్రామాల ఉమ్మడి భూములనుండి ఆక్రమణలను తొలగించి ఊరికి తిరిగి అప్పగించే పథకాలు సిద్ధం చేయవలసినదని అన్ని రాష్ట్రాలను ఆదేశించినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మేతను, సంచార పశుపాలకుల ఋతువారీ వినియోగాన్ని సాముదాయక హక్కులలో చేర్చినది. చట్టం పుస్తకంలో ఉన్నది. ఊరివారు అడిగినప్పుడే అది ఊరికి వస్తుంది. ఈ నేలకు ఆ సంగతి కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కుమురం భీం నీరు, అడవి, నేల అనే మూడింటిని ఒకే మాటగా పలికినవాడు. పశువుల మేతకు విధించిన పన్నులు కూడ నాటి గోండుల బాధలలో ఒకటి.

వచ్చే గ్రామసభలో మీరొక చిన్న ప్రశ్న అడగవచ్చును: మన ఊరి బంచరాయి కాగితంమీద ఎన్ని ఎకరాలు, కంటికి ఎన్ని ఎకరాలు? చెరువు శిఖం హద్దురాళ్లు ఎక్కడ? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి గొర్రెలవారు, గొర్రెలు లేనివారు కలిసి ఒకనాడు హద్దులు తిరిగి వస్తే, ఆ నడకతోనే సగం పని అయినట్లు. ఆ రోజు ఎవరి పెట్టెలోనైనా పాత గొంగడి ఉంటే బయటకు తీసి ఎండలో వేయండి. హద్దులు తిరిగివచ్చిన నలుగురూ చెట్టుక్రింద కూర్చుని మాట్లాడుకొనడానికి అంతకన్న మంచి పరుపు లేదు.